చేతులు మాత్రం ఉంచండి

ఓబిలేష్ దగ్గర రెండు డబ్బాలు ఉండేవి. రెండూ పాత పాలపొడి డబ్బాలే. ఒకదాని మీద ‘సావుకారి ఒళ్ళు’ అనీ, రెండోదాని మీద ‘కూలోళ్ళ ఒళ్ళు’ అనీ ఎర్ర రంగుతో రాసి పెట్టుకున్నాడు. మొదటి దాంట్లో తెలుపు, పసుపు, గులాబీ కలిపిన మెత్తటి ముద్ద. రెండో దాంట్లో తారు పీపా అడుగున మిగిలిన గసి లాంటి మట్టిరంగు. ఎండిపోకుండా రెండింటి మీదా నీళ్ళు పోసి ఉంచేవాడు. మనుషుల్ని వేయాల్సి వచ్చినప్పుడు నీళ్ళు వంపేసి, కత్తితో ఇంత ముద్ద తీసి పలక మీద వేసుకునేవాడు.

హేమావతి నూనెరంగులు నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజే ఆ డబ్బాలు చూసింది. ఎగతాళికి రాసుకున్నాడేమో అనుకుంది.

“ఏమన్నా ఇది, మనుషుల ఒళ్ళు డబ్బాల్లో పెట్టినావు?”

“మరేం జేయమంటావమ్మా? ఒక గ్రూపు పటంలో పన్నెండు మంది ఉంటారు. ఒగొగనికి ఒగొగ రంగు కలుపుతా కూర్చుంటే అయ్యే పనేనా? పటం ఏపిచ్చుకునేటోడు బొగ్గు మాదిరి ఉన్నా ఈ డబ్బానే. వానింట్లో పంజేసేటోడు తెల్లగున్నా ఆ డబ్బానే. ఇరవై ఏండ్లాయ. ఇది నా రంగు గాదని ఒక్కడు గూడా నన్ను అడగలా.”

చెప్పి పకపకా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. అవిసె నూనె వాసన పడక రాలేదేమోనని సర్దిచెప్పుకుంది. టర్పెంటైనూ, నూనె గుడ్డలూ, మూసిన కిటికీలూ కలిసి ఆ మేడమీద గది చచ్చిన ఎలుకను మందుల పెట్టెలో దాచినట్టు కంపు కొట్టేది. మొదటి వారమంతా ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. చేతులు సబ్బుతో మూడుసార్లు రుద్దుకున్నా గోళ్ళ సందుల్లోంచి అదే వాసన.

అయినా మానలేదు. మానలేని పని పెట్టుకుంది.

ఆమె అత్త నాగలక్ష్మమ్మకు కళ్ళలో నీటికాసులు. అనంతపురం పెద్ద డాక్టరు చూసి, పోయిన చూపు రాదు, ఉన్నది కూడా ఏడాదికింత పోతుంది, చుక్కలు వేసుకుంటూ ఉంటే మెల్లగా పోతుంది అని చెప్పాడు. ముసలామె దానికి ఏడవలేదు. ఇంటికి రాగానే ట్రంకు పెట్టె తీయించి, అడుగు నుంచి ఒక ఫోటో బయటికి తీసింది. పోస్టుకార్డంత ఫోటో. పాతికేళ్ళ కింద చేనేత సొసైటీ వాళ్ళు క్యాలెండరు కోసమని ఫోటోగ్రాఫరును పంపితే, ఆయన తీసి ఒక కాపీ ఇచ్చిపోయాడు. మధ్యలో గుంత మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న మామ హనుమంతరాయుడు. పక్కన రాట్నం ముందు నాగలక్ష్మమ్మ. ఆమె వెనక రెండు జడల సరళ, హేమావతి ఆడబిడ్డ, చేతిలో కండెల బుట్ట. మగ్గం స్తంభానికి ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుని ఇరవై ఏళ్ళ నాగేశ్వర, తర్వాత హేమావతికి భర్త అయినవాడు. పై గుండీ ఊడిపోయిన చొక్కా. హేమావతి ఆ ఇంటికి కోడలిగా రాకముందటి మాట అది.

నలుగురూ కలిసి ఉన్న ఫోటో ఆ ఒక్కటే. మామ పోయాడు. నాగేశ్వర పోయి ఆరేళ్ళు. మగ్గం అమ్మేశారు, ఆ ఇల్లు కూడా చేతులు మారింది. సరళ హిందూపురంలో తన సంసారం తాను చేసుకుంటోంది. ఫోటో ఎర్రబారి, ఒక మూల తెల్ల చెమ్మ ఎక్కింది.

“కండ్లకు ఆనడంలేదే హేమా,” అంది ముసలామె ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకుని. “నా కొడుకు యాడుండాడో తడుముకోవాల్సి వస్తాంది. ఇది గోడంత చేయిచ్చు. కండ్లు మూసుకపోయేలోగా ఒకసారి అందర్నీ పెద్దగా చూసుకుంటా.”

ఫోటోను పెద్దది చేయించి తెచ్చింది హేమావతి. మొహాలు పిండిబొమ్మల్లా చెదిరిపోయాయి. ముసలామె దాన్ని చూసి, “ఇదేందే, అమ్మవారు పోసినట్టుండారు అందరూ,” అని పక్కన పెట్టేసింది.

అప్పుడు ఓబిలేష్ గుర్తొచ్చాడు. ధర్మవరం సినిమా హాళ్ళకు ఒకప్పుడు ఇరవై అడుగుల బ్యానర్లు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ఉన్నవాళ్ళ ఇళ్ళకు నూనెరంగుల్లో కుటుంబ పటాలు వేస్తాడు, మేడమీద నలుగురైదుగురికి నేర్పుతాడు. హేమావతిది కూడా అలాంటి బతుకే. పెళ్ళయిన నాటి నుంచి చీరల డిజైన్లను గ్రాఫు కాగితం మీద గళ్ళుగళ్ళుగా నింపేది. ఆమె నింపిన గళ్ళను చూసి మగ్గం అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్ళు. కంప్యూటరు వచ్చాక ఆమె పెన్సిళ్ళు అటక మీదికి ఎక్కాయి. ఇద్దరి పనినీ యంత్రమే మింగింది కాబట్టి ఈయనకు తన మాట అర్థమవుతుందనుకుంది. అర్థమైనట్టే మాట్లాడాడు కూడా.

“నేనెందుకు ఎయ్యడం, నువ్వే నేర్చుకుని ఎయ్యి. గుడ్డా రంగులూ నేనిస్తా. నువ్వు రోజూ నా పటాల్లో చీరల అంచులు దిద్దిపెట్టు. సరిపాయ.”

ఆమెకు దేవుడిలా కనపడ్డాడు.

గళ్ళ పని ఆమెకు కొత్త కాదు కదా. ఫోటో మీద సన్నటి గళ్ళు గీసి, ఐదడుగుల గుడ్డ మీద అవే గళ్ళు పెద్దవి గీసి, ఒక్క రోజులో నలుగురినీ బొగ్గు గీతల్లో దింపేసింది. ఓబిలేష్ నోరు తెరిచాడు. తర్వాత ఆమె నోరే మూతపడింది. చీరలో బుటా గడి నిండితే నిండినట్టే. మొహంలో గడి నిండినా మనిషి రాడు. కన్ను ఉన్నచోటే ఉంటుంది, ముక్కు ఉన్నచోటే ఉంటుంది, ఎవరో పరాయివాడు చూస్తుంటాడు. నాగేశ్వర మొహాన్ని పదకొండుసార్లు తుడిచి మళ్ళీ వేసింది.

ముందు పలచగా, తర్వాత చిక్కగా. ముందు చీకటి, తర్వాత వెలుతురు. కింది పొర ఆరిందాకా పై పొర ముట్టుకోకూడదు. ఇవన్నీ ఓబిలేషే నేర్పాడు. నేర్పడంలో లోటు చేయలేదు. గాలికాలంలో మేడమీదికి ఎర్రదుమ్ము కొట్టుకొచ్చి తడిరంగుకు అంటుకుంటే, సూదితో రేణువు రేణువు ఎలా తీయాలో పక్కన కూర్చుని చూపించాడు. ఒంటిరంగు దగ్గర మాత్రం ఆమె మాట వినలేదు.

“ఆ డబ్బాల్లోది నాకొద్దన్నా.”

“కూలోళ్ళ డబ్బా తీసుకోమ్మా, సరిపోతాది. నేసేటోళ్ళే గదా.”

“మా మామది ఒక రంగు, మా అత్తది ఒక రంగు. గుంతలో కూర్చున్నోని కాళ్ళది ఒక రంగు, మొగానిది ఒక రంగు. నేనే కలుపుకుంటా.”

“కలుపుకో, కలుపుకో. ఎన్నేండ్లకయ్యేది అది!” అని ఆయన చెవిలో బ్రష్షు తోక పెట్టుకుని తిప్పుకుంటూ, దాన్నే మళ్ళీ రంగులో ముంచాడు.

అన్నిటికంటే కష్టపెట్టినవి చేతులు. ఫోటోలో అవి బియ్యపు గింజంత ఉన్నాయి. అత్త చేతులు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి ఆమెను రాట్నం తిప్పుతున్నట్టు కూర్చోబెట్టి చూసుకుంది. మామ చేతులకు బయ్యన్న దగ్గరికి వెళ్ళింది. బయ్యన్న రెండు వీధుల అవతల ఉంటాడు, అరవై దాటినా ఇంకా గుంత మగ్గం మీదే నేస్తాడు. మూడు రోజులు వరసగా వెళ్ళి ఆయన మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చుంది. కుడిచెయ్యి తాడు లాగి పోగు మోసే నాడె విసరడం, ఆ పోగు బిగిసేలా ఎడమచెయ్యి పలకను ఒడుపుగా కొట్టడం. తెగిన పోగును బూడిద అద్ది మెలిపెట్టి అతికీ అతికీ బొటనవేలూ చూపుడువేలూ చివర నున్నగా, మెరుగుపెట్టినట్టు అయిపోవడం. తాడు పట్టే చోట అరచేతిలో చర్మం మొద్దుబారి కాచిన పసుపు కాయ.

“ఏమమ్మా, మూడు దినాలాయ, నా చేతులే చూస్తాండావు. సంబంధం ఏమన్నా తెచ్చినావా వీటికి?” అన్నాడు బయ్యన్న.

రాట్నం దగ్గర నుంచి ఆయన భార్య రామక్క అందుకుంది: “ఆ చేతుల్ని ఎవురు చేసుకుంటారు! ఏదో నేను గాబట్టి నలభై ఏండ్లు ఏగినా.”

హేమావతి చాలా కాలానికి గట్టిగా నవ్వింది. ఆ నవ్వుతోనే మేడ మీదికి పోయి, మామ కుడిచేతిలో ఆ కాయను వేసింది. అన్నం పెట్టేటప్పుడు పళ్ళెం పక్కన పదేళ్ళు చూసిన చెయ్యి అది. చూసినప్పుడు చూసినట్టు తెలియలేదు. వేశాక తెలిసింది.

నాలుగు మొహాలు, ఏడు చేతులు పూర్తయ్యేసరికి ఐదు నెలలు పట్టింది. నాగేశ్వర రెండో చెయ్యి వెనక ఉంది కాబట్టి ఏడే. ఇక మగ్గం వెనక గోడా, కిటికీ మిగిలాయి. ఇంట్లో అత్త రోజూ పోరు పెట్టేది.

“ఇంగా ఎండలేదా నీ పటం? ఈ ఎండలకు జొన్నలు ఒక దినానికి ఎండుతాయి. మీ రంగులకేం రోగమే?”

“ఇంగ పదైదు దినాలు అత్తా.”

“నాకు ఎడమకన్ను మొన్నటి మాదిరి లేదు. చెప్తాండా. తర్వాత నన్ననొద్దు.”

ఆ శుక్రవారం ఆనంద్ వచ్చాడు. పట్టుచీరల పెద్ద కొట్టు వాళ్ళది. హనుమంతరాయుడు ముప్పై ఏళ్ళు ఆ కొట్టుకే నేసి ఇచ్చాడు. ఆ రోజుల్లో నేతగాళ్ళను వెనక వాకిలి అరుగు దాకానే రానిచ్చేవాళ్ళు. ఇప్పుడు పుట్టపర్తి రోడ్డు మీద అద్దాల షోరూం కడుతున్నారు, అందులో పెట్టడానికి కుటుంబ పటం కావాలని వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మెట్లెక్కి వస్తూనే ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఓబిలేష్ వేసిన పటాలు రెండు చూసి పెదవి విరిచాడు. తర్వాత హేమావతి వెనక వచ్చి నిలబడ్డాడు.

“ఇదెవురిది?”

“మా ఇంటోళ్ళది సార్.”

ఆయన ఆమె వైపు చూడలేదు. “ఇదే కావాలి ఓబిలేషన్నా,” అన్నాడు. “నాలుగు తరాల నేత కుటుంబం అని బోర్డు రాయిస్తాండాం. బయట నుంచి వచ్చేటోళ్ళు కొట్టు చూడరు, కత చూస్తారు. దానికి తగినట్టుండాది ఇది. మగ్గం, రాట్నం, గుంత, అన్నీ ఉండాయి.”

“మీ తాత నేసినాడా సార్?” అంది హేమావతి. నిజంగానే తెలియక అడిగింది.

“నేసినోళ్ళ దగ్గర కొన్నాడు. రెండూ నేతే కదమ్మా.” రుమాలు తీయకుండా ఇంకా దగ్గరికి వంగాడు. “మొగాలు మావి పెట్టండి. ముసిలాయన తావులో మా నాయన, ఆయమ్మ తావులో మా అమ్మ, ఈ పిల్ల తావులో మా పాప లహరి. ఈ నిలబడినోడి తావులో నేను. చేతులు మాత్రం ఉంచండి. చేతులు శానా బాగొచ్చినాయి. కష్టం కనపడతాంది వాటిల్లో.”

హేమావతికి ఒక క్షణం ఆ మాటలు చెవిలోకి పోయి ఎక్కడ ఆగాలో తెలియక తిరిగాయి. తన మామ చేతుల పైన ఆ కొట్టు సావుకారు మొహం. నాగేశ్వర మెడ మీద ఈ రుమాలు మనిషి.

“ఇది ఇచ్చేది గాదు సార్. మా అత్త కోసం ఏస్తాండా.”

ఆనంద్ చిరునవ్వు నవ్వాడు. పిల్లలు అడ్డం మాట్లాడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. ఓబిలేష్ ఆయన్ను కిందిదాకా సాగనంపి, పది నిమిషాల తర్వాత పైకి వచ్చాడు.

“నేను చెప్పి పంపిస్తిలేమ్మా. నీకెందుకు, నువ్వు నీ పని చూసుకో,” అన్నాడు.

నమ్మింది. ఆ రోజు కిటికీ కూడా పూర్తి చేసి వెళ్ళింది.

శనాదివారాలు గది మూసి ఉంటుంది. సోమవారం పొద్దున ఆమె మెట్లెక్కేసరికి ఓబిలేష్ స్టాండు ముందు కూర్చుని ఉన్నాడు. గుడ్డ మీద నలుగురు మనుషులు మెడల దాకా ఉన్నారు. మెడల పైన నాలుగు తెల్లటి గుండ్రాలు. కింద పరిచిన పాత పేపరు మీద గీకిన రంగు కుప్పగా ఉంది. మామ మీసం, సరళ జడలు, అత్త ముక్కుపుడక, నాగేశ్వర కళ్ళు, అన్నీ కలిసి కుక్క కక్కినట్టు ఒకే ముద్ద. రెండు ఈగలు దాని మీద వాలి, నూనెకు కాళ్ళు అంటుకుని కొట్టుకుంటున్నాయి.

హేమావతి వాకిట్లోనే నిలబడిపోయింది.

“వచ్చినావా? రా, రా. ఇట్ల చూడు, కాన్వాసు ఏమీ చెడలేదు. బ్లేడుతో శుభ్రంగా తీసినా,” అన్నాడాయన, పుండు కడిగి చూపించినట్టు.

“ఎంత పని చేస్తివన్నా.”

“ఏం పని? గుడ్డ నాది, రంగులు నావి, స్టాండు నాది. నీది చెయ్యి. ఆ చెయ్యి యాడికీ పోలేదు గదా, మళ్ళా ఇంగొకటి ఏసుకో. నాకు ఇన్నేండ్లలో ఇంత పెద్ద ఆర్డరు రాలేదమ్మా. షోరూంలో నిలువెత్తు పటం. కింద నీ పేరు గూడా రాస్తా, నా పేరు పక్కన.”

“మళ్ళా ఐదు నెలలు. మా అత్త కండ్లు అప్పటిదాకా నిలబడతాయా? ఆ పూచీ నువ్వు పడతావా?”

ఓబిలేష్ సావుకారి డబ్బా మూత తీసి నీళ్ళు వంచాడు. గులాబీ ముద్ద లోపల నుంచి పులిసిన పిండి లాంటి వాసన వచ్చింది.

వెళ్ళిపోయి ఉండాల్సింది. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది. ఇంటికి పోతే అత్త అడుగుతుంది, ఎండిందా అని. ఎనిమిది రోజులు రోజూ వచ్చి మూలన కూర్చుంది. ఆయన అప్పగించిన అంచులు దిద్దింది. కళ్ళెదుట ఆ తెల్ల గుండ్రాల్లో మనుషులు మొలిచారు. పెద్ద సావుకారు బుగ్గలు, ఆయన భార్య రెండు గడ్డాలు, లహరి పెదవుల రంగు. నాగేశ్వర చొక్కాకు ఊడిన గుండీని ఓబిలేష్ కుట్టినట్టే వేసి, దాని పైన ఆనంద్ తల పెట్టాడు. ఆ తల మెడకు అతకలేదు. పెద్ద కడియం తొడిగినట్టు మెడ చుట్టూ గులాబీ గీత ఒకటి నిలిచిపోయింది. ఆ తల కింద తన భర్త భుజాలు. చొక్కా కింద ఎముక ఎత్తు ఎక్కడుంటుందో ఆమెకు తెలిసిన భుజాలు. చూసి చూసి ఆమెకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టుండేది. ఇంటికెళ్ళి ఎంత రాత్రయినా స్నానం చేయకుండా పడుకునేది కాదు. నీళ్ళ ట్యాంకరు రాని రోజు కూడా అత్త పోట్లాడుతుంటే రెండు చెంబులు పోసుకునేది.

తొమ్మిదో రోజు ఆనంద్ మళ్ళీ వచ్చాడు. పటం చూసి తృప్తిగా తలాడించాడు. “చూసినావా, చేతులతోనే వచ్చింది అందమంతా. మా నాయన నిజంగా నేసినట్టే ఉండాడు,” అని సెల్‌ఫోనులో తన నాయనగారి మొహం, హనుమంతరాయుడి అరచేతిలోని కాయ రెండూ వచ్చేట్టు ఫోటో తీసుకున్నాడు.

ఆయన పోయాక ఓబిలేష్ వార్నీషు తేవడానికి బజారుకు వెళ్ళాడు. హేమావతి లేచి తలుపు దగ్గరికి వేసింది. కిటికీ గట్టు మీద బ్లేడు ఉంది.

ఎండిన రంగు అంత సులభంగా రాదు. టర్పెంటైను గుడ్డతో నానబెట్టి, బ్లేడు ఏటవాలుగా పెట్టి లాగితే పొలుసులు పొలుసులుగా లేచింది. ముందు మామ బొటనవేలు. తర్వాత నున్నటి చూపుడువేలు. ఆ కాయ దగ్గర రంగు దట్టంగా వేసింది కాబట్టి ఊడటానికి మొండికేసింది. గోటితో గిల్లాల్సి వచ్చింది. తన చేత్తో తన మామ చెయ్యి చెక్కుతున్నట్టుంది. ఓబిలేష్ మీద ఎంత అసహ్యం వేసిందో అప్పుడు తన మీద అంతకు రెట్టింపు వేసింది. మధ్యలో ఒకసారి బకెట్లోకి వంగి కక్కుకుంది. నోరు తుడుచుకుని మళ్ళీ లేచింది. అత్త రెండు చేతులు. సరళవి రెండు. చివరగా స్తంభం మీద ఆనించిన నాగేశ్వర చెయ్యి. ఏడూ అయిపోయాయి.

ఓబిలేష్ వచ్చి చూసి, సీసా కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

“ఏమే, పిచ్చి పట్టిందా నీకు? చేతుల కోసమే గదా వాడు ఒప్పుకునింది! చేతులు ఉంచమని వాడు ఎంత చెప్పినాడు!”

“వాని చేతులు వాన్ని తెచ్చుకోమను.”

“మర్యాదగా మళ్ళీ ఎయ్యి. ఎల్లుండికి తీసుకుపోతారు.”

“నాకు రావు.”

“రాకపోవడమేంది? ఏసింది నువ్వే గదా!”

“ఆ పటానికి నాకు రావన్నా,” అంది హేమావతి. ఫోటో తీసి కొంగులో చుట్టుకుంది. మెట్లు దిగుతుంటే పైనుంచి ఆయన తిట్టిన తిట్లు బజారు దాకా వినపడ్డాయి. ఒక్క దానికీ ఆమె వెనక్కి తిరగలేదు.

ఇంటి దగ్గర మాత్రం “ఇంగా ఎండలేదత్తా” అనే చెప్పింది. రేపు చెప్పొచ్చు అనుకుంటూ వారం గడిపింది. ఈలోగా బయ్యన్న వాకిట్లోకి వచ్చి చల్లగా చెప్పిపోయాడు.

“నాగలక్ష్మక్కా, మీ మగ్గం పటం కొత్త కొట్లో పెట్టినారంట గదా! మా పిల్లోడు బయట అద్దంలో నుంచి చూసి వచ్చినాడు. కిటికీ గూడా అట్లే ఉండాదంట.”

ముసలామె మొహం విప్పారింది. “ఏమే హేమా, నాకు చెప్పకుండా కొట్లో పెట్టిచ్చినావా? పది మంది చూడనీలే అనుకుంటివా? మంచిదే! పద, తోలకపో నన్ను. నా మొగుడు ఆ కొట్టు వెనకపక్క అరుగు మీద ముప్పై ఏండ్లు కూర్చున్నాడు. ఇప్పుడు లోపల గోడ మీద కూర్చున్నాడా?”

హేమావతి చెప్పబోయింది. ముసలామె అప్పటికే పెట్టె తెరిచి మంచి చీర వెతుక్కుంటోంది.

షోరూం తెరిచే రోజు అది. గేటుకు పూలు, లోపల చల్లటి గాలి, పుట్టపర్తికి వచ్చిన యాత్రికులు బస్సు దిగి గుంపుగా నిలబడ్డారు. ఎదురుగోడకు పటం. దాని ముందు ఓబిలేష్ కొత్త చొక్కాలో. అప్పుడు చూసింది హేమావతి, ఆయన ఏం చేశాడో. ఏడు చేతులూ కొత్తగా వేశాడు. క్యాలెండర్లో లక్ష్మీదేవి చేతులు. ఎముక లేదు, కణుపు లేదు, వేళ్ళు తమలపాకు కాడల్లా సాగి, చివరలకు గులాబీ గోళ్ళు. పెద్ద సావుకారు ఆ చేతులతో తాడు పట్టుకుని కూర్చున్నాడు. అది పట్టుకోవడం కూడా కాదు, వాసన చూడబోతున్నట్టుంది.

పక్కనే ఒక యాత్రికురాలు తన తోటి ఆమెతో అంటోంది: “ఆ చేతులు చూడవే, ఎంత సుకుమారంగా ఉన్నాయో! అందుకే కాబోలు వీళ్ళ చీరలు అంత మెత్తగా వస్తాయి.”

“అవునండీ, చేతుల్లోనే ఉంది అంతా,” అన్నాడు ఆనంద్ వినయంగా. ఏడు చేతులు మారిపోయిన సంగతి ఆయన గుర్తుపట్టనే లేదు. కావాలంటే ఫోను తీసి చూసుకోవచ్చు. చూసుకోలేదు.

నాగలక్ష్మమ్మ అందర్నీ తోసుకుంటూ పటం దగ్గరికి పోయింది. ముక్కు గుడ్డకు తగిలేంత దగ్గరగా. ఉన్న కాస్త చూపుతో కింద నుంచి మొదలుపెట్టింది. “ఇది మా గుంతే. ఇది మా రాట్నం. కిటికీలో కమ్మి వంగింది గూడా ఏసినావు కదే, భేష్.” చెయ్యి దగ్గరికి వచ్చి ఆగింది. మొహం దగ్గరికి పోయింది. మళ్ళీ చేతికి వచ్చింది.

“ఇదెవురే?”

ఆనంద్ ముందుకు వచ్చాడు. “మా నాయన అవ్వా. పక్కన మా అమ్మ.”

“మీ నాయన మా గుంతలో ఏంటికి దిగినాడప్పా?”

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆనంద్ కూడా నవ్వాలో వద్దో తెలియక నవ్వాడు. ముసలామె ఆయన్ను వదిలేసి కోడలి వైపు తిరిగింది.

“నా కొడుకు యాడ?”

“గీకేసినారు అత్తా.”

“నువ్వా?”

“మొగాలు ఆయన.” ఓబిలేష్‌ను చూపించింది. “చేతులు నేను.”

నాగలక్ష్మమ్మ ఓబిలేష్‌ను పైనుంచి కిందిదాకా చూసింది, ఆయన అక్కడ ఉన్నాడో లేడో సరిగా ఆనకపోయినా. తర్వాత పటం వైపు తిరిగి, నోటినిండా తెచ్చుకుని ఉమ్మింది. అది గుడ్డ దాకా చేరలేదు. కింద అద్దంలా మెరుస్తున్న కొత్త గచ్చు మీద పడింది. యాత్రికులు చీరల కొంగులు ముక్కులకు పెట్టుకుని వెనక్కి జరిగారు.

కొట్లో పనిచేసే ఆమె గుడ్డ ఒకటి తెచ్చి, ఎందుకో తాను తుడవకుండా హేమావతి ముందుకు చాపింది. ముసలామె మనిషి కాబట్టి ఈమెదే ఆ పని అన్నట్టు. ఆనంద్ కూడా ఆమె వైపే చూశాడు. ఓబిలేష్ కూడా.

హేమావతి గుడ్డ వైపు చూసింది. గచ్చు మీద ఉమ్మి వైపు చూసింది. పటంలో గులాబీ గోళ్ళతో తాడు వాసన చూస్తున్న పెద్దమనిషి వైపు చూసింది. ఈ మూడింటిలో ఏది తక్కువ రోత అని అడిగితే ఆమె ఉమ్మినే చూపించేది.

వంగలేదు. అత్త చెయ్యి పట్టుకుని, “గడప ఉండాది, కాలు పైకెత్తు,” అంది.